పొగతో సహా హాజరు కావలెను

పొగ ఏ రంగులో ఉందో చెప్పే హక్కు ప్రభుత్వానికి తప్ప మరెవరికీ లేదని రూలు వచ్చిన ఏడాదే నా కారు పొగ వదలడం మొదలుపెట్టింది. కాస్త ముందో వెనకో వదిలి ఉంటే ఈ కథ చెప్పుకునే అవసరం ఉండేది కాదు. బళ్ళకు అంత లోకజ్ఞానం ఎక్కడ ఏడ్చింది?

నా పేరు వెంకటరత్నం. గోదావరి గట్టు మీది ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళను మండపానికి చేర్చే కారు నాది. టర్బో ఉన్న డీజిలు బండి. టర్బో అంటే మరేం లేదు, ఇంజన్ బయటికి వదిలే వేడిగాలితోనే గిర్రున తిరుగుతూ, బయటి గాలిని లోపలికి బలవంతంగా కుక్కే చిన్న చక్రం. దాని పుణ్యమా అని నా బండి పెళ్ళికూతురు, ఆమె అక్కచెల్లెళ్ళు, పూలబుట్టలు, ఒక్కోసారి పురోహితుడితో సహా పెద్ద వంతెన ఎక్కినా ఆయాసపడేది కాదు. మాకు పిల్లల్లేరు. నా భార్య అనసూయ ఆ బండిని పెద్దాడు అని పిలుస్తుంది. వాడు తిరిగితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది కనక ఆ పేరు వాడికి తగిందే.

ఆషాఢంలో ఒకరోజు వంతెన ఎక్కుతుంటే అద్దంలో వెనకాల నల్లటి పొగ కనపడింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, శ్రావణం వస్తే ఊపిరాడనన్ని ముహూర్తాలు. ఈలోపు బాగు చేయించేద్దామని మెకానిక్ అబ్బులు దగ్గరికి తీసుకెళ్ళాను. అబ్బులు నన్ను చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"అక్కడే ఆపెయ్యండి రత్నంగారూ! లోపలికి తేకండి."

"ఏవైంది అబ్బులూ? బండికేవన్నా అంటురోగమా?"

"పొగొచ్చే బండి బానెట్టెత్తితే లోపలేసేత్తారండి. కొత్త రూలు. నల్లగా వత్తే గాలి సాల్లేదని, నీలంగా వత్తే ఇంజనాయిలు కాలిపోతందని, తెల్లగా వత్తే లోపలికి నీళ్ళు దిగాయని ఇన్నాళ్ళూ మేవే అనేసుకునేవాళ్ళం గదండీ. ఆనక ఇప్పి చూసుకునేవాళ్ళం. ఇప్పుడు అనుకోడానికీ లేదు, ఇప్పడానికీ లేదు. ముందు మీరు రంగు రాయించుకు రావాలండి."

ఈ రూలు వెనక ఒక బావమరిది ఉన్నాడు. ఎవరి బావమరిది అన్నది మనకు అనవసరం, చాలా పెద్దాయన బావమరిది. ఆయన కారు పొగ వదిలితే ఒక మెకానిక్ టర్బో పోయిందని మార్చాడట. పొగ ఆగలేదు. ఇంకో మెకానిక్ ఆ కొత్త టర్బో కూడా పోయిందని మార్చాడట. చివరికి చూస్తే గాలి గొట్టంలో ఎలుక గూడు కట్టుకుందట. ఎలుక మీద చర్య తీసుకునే చట్టం లేదు. అందుచేత మెకానిక్కుల మోసం నుంచి ప్రజలను కాపాడాలని ప్రభుత్వం నిశ్చయించుకుంది. ఒకసారి ప్రజలను కాపాడాలని నిశ్చయించుకున్నాక ప్రభుత్వం ప్రజల మాట వినదు.

వాహన ధూమ వర్ణ నిర్ధారణ కేంద్రం ఒకప్పటి ధాన్యం గోదాములో పెట్టారు. అధికారి పరాంకుశరావు గారు. సన్నగా, ఇస్త్రీ నలగకుండా ఉంటారు. మనలాగే అన్నం తిని, మనలాగే చెమట పట్టినా, మాట మాత్రం గెజిట్‌లోంచి వస్తుంది.

"అర్జీదారు విన్నపమేమి?"

"నల్లపొగ వస్తోందండి."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "రంగును ఉచ్చరించరాదు. వర్ణ నిర్ధారణ ప్రభుత్వ విధి. మీరు పొగ అని మాత్రమే పలుకవలెను."

"సరేనండి. పొగ వస్తోందండి."

"ఇంజన్ నడుచుచున్నది కదా, ఇప్పుడు రాదేమి?"

"బరువు మీద ఎత్తు ఎక్కితే వస్తుందండి. మీరు వంతెన దాకా దయచేస్తే కళ్ళారా చూపిస్తాను."

"నిబంధనల ప్రకారము వాహనము నిశ్చల స్థితిలో ఉండగా, అధికారి ఆసీనుడై ఉండగా పొగను పరిశీలించవలెను. వాహనము వెంట అధికారి పరుగెత్తుటకు నిబంధన లేదు."

"అయితే పొగ లేదని రాసిచ్చేయండి. పోయి బాగుచేయించుకుంటాను."

"ఎటుల వ్రాయుదును? పొగ కలదని అర్జీదారు స్వయముగా ఒప్పుకొని ఉన్నాడు. ఉన్నదని వ్రాయుదమన్న కనిపించుట లేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, తీర్పు చెప్పారు. "మీరు వచ్చే వారము పొగతో సహా హాజరు కావలెను."

పొగను ఎలా వెంటబెట్టుకు రావాలో అర్థంకాక నేను నిలబడి ఉండగానే సత్తిపండు వచ్చాడు. ఆ కేంద్రంలో అటెండరు. అంతకుముందు పెళ్ళిభోజనాల్లో వడ్డన చేసేవాడు, నాకు బాగా ఎరుకే. పరీక్షకు వచ్చే ప్రతి ఇంజన్‌లోనూ నూనె తగినంత ఉండేలా చూడాలని రూల్లో ఒక ముక్క ఉందట. దాని కోసం ప్రభుత్వం పీపాల కొద్దీ ఇంజనాయిలు పంపింది. ఈ ఏటి నూనె ఈ ఏడే ఖర్చు కాకపోతే వచ్చే ఏడు కోత పెడతారు. సత్తిపండు పెద్ద గరాటా, చెంబూ పట్టుకుని నా బండి ముందుకొచ్చాడు.

"రెండు చుక్కలేత్తానండి."

"వద్దు సత్తిపండూ! మొన్ననే మార్పించాను. నిండుగా ఉంది."

"అదేం మాటండీ! మా కేంద్రానికొచ్చి ఉత్త ఇంజన్తో ఎల్లిపోతారేటి? పైవోళ్ళు చూత్తే నన్నంటారు. ఈ ఒక్క చెంబే!"

మా వైపు వద్దు అనే మాటకు అర్థం వేరు. ఆ మాట వినపడిందంటే వడ్డించేవాడు ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి నెయ్యి పోసేస్తారు. కాళ్ళూ చేతులూ ఉన్న మనిషే తప్పించుకోలేని మర్యాదను ఇంజన్ ఎలా తప్పించుకుంటుంది? సత్తిపండు చెంబుడు పోసి, "మారు" అని ఇంకాస్త పోసి, బానెట్ మూసి, దాని చుట్టూ తీగ చుట్టి సీసపు ముద్ర వేశాడు. కిందికి దూరి నూనె దించే బోల్టుకూ ఒక ముద్ర వేశాడు. సాక్ష్యం చెడకుండా ఉండాలట. ముద్ర తెంపితే పర్మిట్ రద్దు.

"మరి నూనె ఎక్కువైందేమో ఎలా తెలుస్తుందండీ? ఓసారి నూనె కొలిచే పుల్ల ముంచి చూడనివ్వండి" అని పరాంకుశరావు గారిని బతిమాలాను.

"నూనె పోయుట సేవ. నూనె కొలుచుట నిర్ధారణ. వర్ణము తేలక పూర్వము నిర్ధారణ నిషిద్ధము."

"పోసేటప్పుడు సత్తిపండైనా చూడొచ్చు కదండీ."

"బానెట్ ఎత్తుటకు అతనికి అధికారమున్నది. లోపలికి చూచుటకు లేదు."

నిజమే. సత్తిపండు పోస్తున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకుని గోడమీది బల్లిని చూస్తున్నాడు. నేనది అలవాటనుకున్నాను, క్రమశిక్షణట.

వచ్చే వారానికి పెద్దాడు నిజంగానే పొగతో సహా హాజరయ్యాడు. ఎత్తు ఎక్కక్కర్లేదు, బరువు అక్కర్లేదు, నిలబెట్టిన చోటే పొగ. అదీ ఈసారి నల్లగా కాదు, మరో రంగులో. ఏ రంగో నేను చెప్పకూడదు. పరాంకుశరావు గారి మొహం వెలిగిపోయింది. కేంద్రం తెరిచాక కూర్చున్నచోటికి పొగ నడిచి రావడం అదే మొదలు. అది కాలుతున్నది నా ఇంజన్ మింగిన నూనె అని నా ముక్కు చెబుతోంది. నా ముక్కుకు అధికారం లేదు.

రంగు తేల్చడానికి హేమావతి గారని ఒకావిడను చేనేత శాఖ నుంచి డెప్యుటేషన్ మీద తెచ్చారు. రంగుల పని కనక రంగులు తెలిసినవాళ్ళే ఉండాలని పైవాళ్ళ ఆలోచన. ఆవిడ చీర ముక్కల కట్ట చంకలో పెట్టుకొచ్చి, పొగగొట్టం పక్కన ఒక్కో ముక్కా పట్టి చూశారు. దగ్గుకు కొంగు అడ్డం పెట్టుకుంటూనే, చూసినంతసేపూ ఎంతో శ్రద్ధగా చూశారు.

"అంచు గచ్చకాయ రంగు. ఒళ్ళంతా పావురాయి. కొంగు దగ్గరికొచ్చేసరికి నెమలికంఠం తిరుగుతోందండీ. ఎంత బావుందో! ఈ కలనేత నేయాలంటే మంచి చెయ్యి ఉండాలి."

"అమ్మా, నిబంధనలలో వర్ణములు మూడే. నలుపు, నీలము, తెలుపు. ఇందులో ఏది?"

"ఇందులో ఏదీ కాదండీ. నీలం అంటే నీలానికి అన్యాయం చేసినట్టే."

"అటులైన పొగ ఉన్నది గాని వర్ణము లేదు" అన్నారు పరాంకుశరావు గారు. "వర్ణము స్థిరపడు వరకు వాహనమును వారము వారము హాజరు పరచవలెను."

సత్తిపండు అప్పటికే చెంబుతో సిద్ధంగా ఉన్నాడు. నేను బానెట్‌కు అడ్డంగా పడుకున్నాను. అతను నన్ను ఎంతో మర్యాదగా పక్కకు జరిపి, చెంబుడు పోసి, ముద్ర వేసి పంపించాడు.

ఇంటికొచ్చేసరికి అనసూయ గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది. వీధి వీధంతా పొగ.

"ఏవండీ, పెద్దాడికి జొరం తగ్గిందా?"

"రంగు తేలలేదే."

"రంగుతో మనకేం పని? నయం చెయ్యమనండి. రేపు శ్రావణం వచ్చేత్తంది. సీతమ్మగారి పిల్ల పెళ్ళికి మనవే బండి పంపుతామని మాటిచ్చాను నేను. ఈ పొగేసుకుని ఎల్తే పెళ్ళికూతురు మండపంలో దిగేసరికి మసిగుడ్డలా ఉంటాది."

ఆవిడ బండి చుట్టూ తిరిగి, సీసపు ముద్రను వేలితో తడిమి, "దీన్ని పీకేద్దురూ" అంది. పీకితే పర్మిట్ పోతుందన్నాను. ఆవిడ లోపలికెళ్ళి పడుకుంది. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగా తినలేదు.

మర్నాడు అబ్బులు ఉన్నాడు కదా, చాటుగానైనా ఏదో దారి చెబుతాడని వెళ్ళాను. షెడ్డు తాళం వేసి ఉంది. అబ్బులును కేంద్రంవారు గౌరవ ధూమ సలహాదారుగా నియమించారని పక్కకొట్టు అతను చెప్పాడు. మెకానిక్కులు ఎవరూ బళ్ళు విప్పకుండా చూడాలంటే వాళ్ళలో ముఖ్యుడికి కుర్చీ ఇవ్వడమే మార్గమని ఎవరికో తోచిందట. కేంద్రానికి వెళ్ళేసరికి అబ్బులు నిజంగానే కుర్చీలో ఉన్నాడు. కుర్చీ వీపుకు తెల్ల తువ్వాలు. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అబ్బులు గోళ్ళు తెల్లగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలీదు.

"అబ్బులూ..." అని, తువ్వాలు చూసి సవరించుకున్నాను. "అబ్బులుగారూ, ఇంజన్‌లో నూనె పొంగిపోయేలా ఉందండి. మా డ్రైవర్లలో ఒక మాట ఉంది, టర్బో బండిలో నూనె మరీ ఎక్కువైతే అది గాలిదారిలోకి ఎక్కి డీజిలు బదులు తనే మండుతుందని, అప్పుడు తాళం తీసినా ఇంజన్ ఆగదని. నిజమేనా?"

అబ్బులు అటూ ఇటూ చూశాడు. ఒక్క క్షణం పాత అబ్బులు కళ్ళల్లో కనపడ్డాడు. తర్వాత తువ్వాలు సర్దుకున్నాడు.

"విషయం పరిశీలనలో ఉందండి. నా అభిప్రాయం సీల్డు కవర్లో ఇచ్చానండి."

"ఆ కవరు ఎవరు విప్పుతారు?"

"దానికో కమిటీ ఎయ్యాలండి. ఏత్తారు. తొందరపడితే పనులవ్వవు రత్నంగారూ."

శ్రావణం వచ్చింది. సన్నాయి వినపడినప్పుడల్లా నా చెయ్యి జేబులో తాళం కోసం వెళ్ళేది. సీతమ్మగారి పిల్ల వేరే ఊరి కారులో వెళ్ళింది. వాళ్ళింటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే అనసూయ తల దించుకుని చుట్టూ తిరిగి వెళుతోంది. పెద్దాడు మాత్రం వారం వారం కేంద్రానికి వెళ్ళి నూనె తాగి వస్తున్నాడు. పొగ చిక్కబడుతూ, చీర ముక్కల్లో ఏదో ఒకదాన్ని పోలుతూ, రూల్లో ఉన్నదాన్ని పోలకుండా ఉంది. దారిలో పిల్లలు దోమలమందు బండి వచ్చిందని వెంటపడేవాళ్ళు, ఆడవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. మా వార్డులో దోమలు తగ్గాయని మున్సిపాలిటీవారు తమ ఖాతాలో రాసుకున్నారని కూడా విన్నాను.

ఇంతలో అమాత్యులవారు కేంద్రాన్ని సందర్శిస్తారని కబురొచ్చింది. పరాంకుశరావు గారు మొదటిసారి మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, గొంతు సవరించుకున్నారు.

"జిల్లా మొత్తములో మీ వాహనపు పొగయే శ్రేష్ఠమైనదని గుర్తించబడినది. అమాత్యులవారి సమక్షమున దానిని ప్రదర్శించుటకు నిర్ణయమైనది."

"అయ్యా, ఆ ఇంజన్‌ను గట్టిగా తొక్కితే అదుపు తప్పుతుందండి. నా బండి పోతుంది. మా ఇంటికి అదొక్కటే ఆధారం."

"ఇంజన్ అదుపు తప్పునని వ్రాతపూర్వకముగా తెలియజేసినచో, అది ప్రభుత్వ సేవపై ఆరోపణగా పరిగణింపబడును" అన్నారు. "ప్రదర్శన అనంతరము వర్ణము తేల్చి, ముద్రలు తీసి ఇచ్చెదము. ఇది నా మాట."

ఆ ఒక్క మాటతో మేమిద్దరం మెత్తబడ్డాం. ముద్రలు తీస్తారు, అబ్బులు కాకపోతే ఇంకెవరో చూస్తారు, శ్రావణంలో సగమైనా దక్కుతుంది. అనసూయ బండిని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. తనూ నాతో వస్తానంది.

గోదాము ముందు షామియానా, కుర్చీలు, మైకు. అమాత్యులవారు వచ్చి దండలు వేయించుకుని ముందు వరసలో కూర్చున్నారు. పక్కన కొత్త శాలువాతో అబ్బులు. హేమావతి గారు చీర ముక్కలన్నీ బల్ల మీద వరసగా పరిచారు. సత్తిపండు ఆ రోజు అమాత్యులవారి గౌరవార్థం చెంబు పక్కన పెట్టి, బిందెతో వచ్చాడు. ఆఖరి పీపా అడుగుదాకా ఒంచి పోసి, తీగ బిగించి, చెమట తుడుచుకుని, "కడుపు నిండా పోసేనండి" అన్నాడు. నేను చేతులు జోడించాను. అతను కూడా ఎంతో వినయంగా జోడించాడు.

"అర్జీదారు ఇంజన్ వేగమును పెంచవలెను" అని మైకులో వినపడింది.

ఇలా కాలు ఆనించానంతే. పెద్దాడు ఒక్కసారి గుటక వేసినట్టు ఆగి, తర్వాత కేక పెట్టాడు. నేను కాలు తీసేశాను. కేక తగ్గలేదు, ఇంకా పెరిగింది. తాళం తిప్పి బయటికి లాగేశాను. ఆగలేదు. గేరేసి బ్రేకు తొక్కిపట్టి ఆపబోతే క్లచ్చి కాలిన కంపు కొట్టింది తప్ప ఇంజన్ లెక్కచేయలేదు. వెనక నుంచి పొగ కొండలా లేచి షామియానాను మింగేసింది.

నేను తాళం పట్టుకుని కిందికి దూకాను. "ఆగట్లేదండీ! తాళం ఇదిగో నా చేతిలో ఉంది!"

అమాత్యులవారు దగ్గుతూనే లేచి నిలబడ్డారు. "తాళం లేకుండా నడుస్తోందా?"

"అవునండీ! డీజిలు కూడా పోవడం లేదండీ!"

"డీజిలు లేకుండానా!" ఆయన మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! తాళం అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు! మన జిల్లా కేంద్రం ఈనాడు యావత్ దేశానికి దారి చూపించింది!" పొగలోంచి చప్పట్లు వినపడ్డాయి. ఎవరు కొడుతున్నారో కనపడలేదు.

నేను సత్తిపండు మీద పడ్డాను. "బానెట్ తియ్యవయ్యా బాబూ! గాలి పోయే దారిలో గుడ్డ కుక్కితే ఆగిపోతుంది!"

"నూనె పొయ్యమంటే తీత్తానండి. ఊరికే తియ్యకూడదండి."

"అయితే పొయ్యి! పోద్దువుగాని, ముందు తియ్యి!"

సత్తిపండు ఖాళీ బిందె తిరగేసి చూపించాడు. అతనికి నిజంగానే బాధగా ఉంది. "అయిపోయిందండి. నూనె లేకుండా తీసే అధికారం నాకు లేదండి."

పరాంకుశరావు గారి దగ్గరికి పరిగెత్తాను. వర్ణం తేలితేగాని ముద్ర తీయరాదన్నారు. అప్పుడే పొగలోంచి హేమావతి గారి గొంతు సంతోషంతో వణుకుతూ వినపడింది. "నీలం! అచ్చమైన నీలం! ఇక సందేహం లేదండీ, నీలమే!" పరాంకుశరావు గారు జేబులోంచి కలం తీశారు. మూత తిప్పారు. కాగితానికి కింద పెట్టుకోడానికి అట్ట కోసం వెతికారు.

అనసూయ జనంలోంచి తోసుకొచ్చింది. "పెద్దాడు పోతన్నాడండీ! ఎవరన్నా ఆపండి!" అని ఏడుస్తూ తీగను ఉత్త చేతులతో లాగుతోంది. నేనూ లాగాను. పర్మిట్ పోతే పోయిందనుకున్నాను. వేళ్ళు తెగాయి, తీగ తెగలేదు. లోపల ఏదో విరిగిన చప్పుడు, ఆ వెంటనే ఇంకేదో పగిలిన చప్పుడు. తర్వాత మైకులో అమాత్యులవారి మాట తప్ప ఏమీ వినపడలేదు. నా బండి చచ్చిపోయింది. నేను చక్రం పక్కన మట్టిలో కూర్చుని, అంతమంది ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను.

పొగ మెల్లగా విడిపోయింది. పరాంకుశరావు గారు అట్ట దొరకబుచ్చుకుని వచ్చి, పొగగొట్టం దగ్గర వంగి చూశారు. హేమావతి గారు చూశారు. అబ్బులు కూడా వంగబోయి, శాలువా జారుతుందని ఆగాడు.

"వాహనము నిశ్చల స్థితిలో ఉన్నది" అన్నారు పరాంకుశరావు గారు. "అధికారి హాజరై ఉన్నాడు. పొగ లేదు. అర్జీదారుడా, పొగ కలదని ఇంకను చెప్పుచున్నావా?"

తల అడ్డంగా ఊపాను.

ఆయన అక్కడికక్కడే రాసి, ముద్ర కొట్టి, అమాత్యులవారి చేత నాకు ఇప్పించారు. జిల్లాలో మొట్టమొదటి పొగరహిత వాహనమని. ఫొటోలు తీశారు. అమాత్యులవారు పొంగిపోయి, ఇకమీదట పెళ్ళికూతుళ్ళను పొగరహిత ధ్రువపత్రం ఉన్న వాహనాల్లోనే తీసుకెళ్ళాలని ఆ వేదిక మీదే ప్రకటించారు. చప్పట్లు ఆగాక నేను పరాంకుశరావు గారిని అడిగాను.

"ఇప్పుడైనా బండి విప్పించుకోవచ్చా అండీ?"

ఆయన నావంక జాలిగా చూశారు. "పొగ లేని వాహనమును విప్పనేల? ఆరోగ్యముగా ఉన్న వాహనమును విప్పి మెకానిక్కులు మోసగించకుండుటకే కదా ఈ నిబంధనలు." సత్తిపండు కొత్త తీగ తెచ్చి ముద్రలు శాశ్వతంగా బిగించాడు.

వారం తిరగకుండా మా గుమ్మం ముందు జనం. జిల్లాలో ధ్రువపత్రం ఉన్న కారు నాదొక్కటే. పెళ్ళివారు నువ్వా నేనా అని పోట్లాడుకుంటున్నారు. నడవని బండి ఎలా పంపనని మొత్తుకున్నాను. దానికి ఒక పెళ్ళి పెద్దే ఉపాయం చెప్పాడు. ట్రాక్టరు వ్యవసాయ వాహనం, దానికి పొగ రూలు వర్తించదు. కనక వాళ్ళ ట్రాక్టరుకు మోకు కట్టి నా బండిని లాగిస్తారు. నేను స్టీరింగు పట్టుకుని కూర్చుంటే చాలు.

ఇప్పుడు అలాగే జరుగుతోంది. చేతినిండా పనే. అనసూయ ఎప్పటిలాగే ముందురోజు బండి కడిగి బొట్టు పెడుతుంది, కానీ పేరు పెట్టి పిలవడం మానేసింది. బయల్దేరేముందు నేను అలవాటు చావక తాళం పెట్టి తిప్పుతాను. ఏమీ పలకదు. అప్పుడు నాకు ఇంకా దుఃఖం వస్తుంది, నిజం చెబుతున్నాను.

నిన్నటి ముహూర్తానికి ట్రాక్టరు పాతది. వంతెన ఎక్కేసరికి దాని పొగ తిన్నగా మా అద్దాల మీదికి వచ్చింది, అద్దాలు ఎత్తినా లోపలికి దూరింది. వెనక సీట్లో పెళ్ళికూతురు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెల్లచీర మీద మసి. తోడుపెళ్ళికూతురు విసురుతూనే ఉంది.

"బాబయ్యగారూ, ఏటండీ ఈ నల్లపొగ? ఊపిరాడట్లేదండీ!"

"రంగు అనకూడదమ్మా" అన్నాను. "అయినా మన బండికి పొగ లేదు." వెనక్కి చెయ్యి చాపి, ధ్రువపత్రం ఆ పిల్ల చేతికిచ్చాను.